ఇంజినీరు చెక్క

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)



నేను 1985లో ఇక్కడ పదో తరగతి పూర్తిచేశాను. తర్వాత మైనింగ్ ఇంజినీరింగ్ చదివి ముప్పై ఏళ్లు గనుల్లో పనిచేశాను. సంఘం వారు ఫోన్ చేసి, "మీ వృత్తి గురించి ఇరవై నిమిషాలు మాట్లాడండి, పిల్లలకు స్ఫూర్తిగా ఉంటుంది" అన్నారు. గనుల గురించి అంత స్ఫూర్తిగా చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. భూమిని తవ్వడం నా ఉద్యోగం. చెడిన భూమిని మళ్లీ బతికించడం గురించి మాత్రం కొంత నేర్చుకున్నాను. అందులోనూ ఎక్కువ భాగం ఉద్యోగంలో కాదు, మన ఊరి చేలో, నేను చేసిన తప్పు దిద్దుకుంటూ నేర్చుకున్నాను. ఆ సంగతే చెబుతాను.

మా చేను ఇక్కడికి దగ్గర్లోనే. నాలుగెకరాల ఎర్రనేల. పడమర నుంచి తూర్పుకి వాలు. మా తాత, మా నాయన ఆ వాలుకి అడ్డంగా గట్లు వేసుకుని, వంకరటింకర మడులు చేసుకుని, జొన్నలో కంది సాళ్లు వేసేవారు. ఓ ఏడు సజ్జ, ఓ ఏడు ఆముదం. గట్ల మీద వెంపలి, గరిక, రెండు కానుగ చెట్లు, ఒక వేపచెట్టు. 2008లో నా చేతిలో కాస్త డబ్బు ఆడింది. బోరు వేయించి, డ్రిప్పు పెట్టి, బత్తాయి నాటాలనుకున్నాను. వరుసలు తిన్నగా రావాలంటే నేల చదునుగా ఉండాలి గదా! లెవల్ పెట్టి చూశాను. ఎక్కడ ఎంత కోయాలో, ఎక్కడ ఎంత పూడ్చాలో కాగితం మీద లెక్కవేశాను. జేసీబీ తెప్పించాను. మా నాయన గట్టు మీద నిలబడి ఒక్క మాట అడిగాడు.

"పైమన్ను యాడికి పోద్దిరా?"

"ఎక్కడికీ పోదు నాయనా, మన చేలోనే గదా ఉండేది. పైది కిందికి వస్తది, అంతే" అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు. కొడుకు ఇంజినీరాయె.

రెండు రోజుల్లో పని అయిపోయింది. గట్లు పోయాయి. కానుగలు పోయాయి. సరిహద్దు గట్టు మీది వేపచెట్టు ఒక్కటే మిగిలింది. పై రెండెకరాల్లో జానెడు పైమన్ను కిందికి దిగి, అడుగునున్న గరుసు బయటపడింది. కింది రెండెకరాల్లో మా తాత మట్టి మీద మా తాత మట్టే ఇంకో జానెడు పేరుకుంది. చూడటానికి ఆటస్థలంలా ఉంది. ఫోటో తీసి ఆఫీసులో అందరికీ చూపించాను కూడా.

ఇక్కడ ఒక విషయం దాచకుండా చెప్పాలి. 1988 నాటి ఖనిజ పరిరక్షణ, అభివృద్ధి నిబంధనల్లో గని తవ్వేటప్పుడు పైమన్నును విడిగా తీసి, జాగ్రత్తచేసి, తవ్విన నేలను బాగుచేయడానికి మళ్లీ వాడాలని ఉండేది. ఆ నిబంధన కింద నేను ఎన్ని కాగితాల మీద సంతకాలు పెట్టానో లెక్కలేదు. మా నాయన చేను దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది నాకు గుర్తురాలేదు. ఆయనకు ఏ నిబంధనా తెలియదు, సరిగ్గా అదే ప్రశ్న అడిగాడు.

బత్తాయి మొక్కలు కింద బతికాయి. పైన మొదటి ఏడే ఆకులు పసుపు పచ్చబడ్డాయి. డీఏపీ వేశాం, జింకు కొట్టాం. మూడో ఏడు బోరు తగ్గింది. ఆ తర్వాత పైనవన్నీ ఎండిపోయాయి. పీకేసి జొన్న వేస్తే మోకాలెత్తు దాటలేదు. వాన పడితే నీళ్లు ఇంకకుండా ఎర్రగా కిందికి పరుగెత్తేవి. ఎండ కాస్తే పైన పెచ్చు కట్టేది. ఊళ్లో వాళ్లు ఆ రెండెకరాలకు ఒక పేరు పెట్టారు: "ఇంజినీరు చెక్క." గొర్రెలు ఎక్కడ మేస్తున్నాయంటే "ఇంజినీరు చెక్క పక్కన" అనేవారు. మా నాయన కూడా ఆ పేరే వాడేవాడు. వెటకారంగా కాదు, మిగతా చేలకు పేర్లున్నట్టు దీనికీ ఒక పేరు, అంతే. నాకు అదే ఎక్కువ బాధగా ఉండేది.

ఎరువు వేసినా, నీళ్లు పెట్టినా ఆ నేల ఎందుకు పలకలేదు? ఈ ప్రశ్న వెంటబడి నేను శిలీంధ్రాల దగ్గరికి చేరాను. శిలీంధ్రం అంటే కంగారు పడొద్దు. రొట్టె మీద పట్టే బూజు, తొలకరిలో పుట్టల దగ్గర మొలిచే పుట్టగొడుగు, అన్నీ ఆ కుటుంబమే. నేను చెప్పబోయేది మాత్రం కంటికి కనిపించని రకం. మట్టిలో సాలెపోగు లాంటి సన్నని దారాలుగా ఉండి, మొక్క వేరులోకి చొచ్చుకుపోయి, దానితో పొత్తు పెట్టుకునే రకం. వేరూ శిలీంధ్రమూ కలిసి ఉండే ఈ ఏర్పాటుకు 1885లో ఫ్రాంక్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త మైకోరైజా అని పేరు పెట్టాడు. గ్రీకులో శిలీంధ్రపు వేరు అని అర్థం. పైర్లలో ఉండే రకాన్ని మన వ్యవసాయ శాఖ వాళ్లు చాలాకాలం వ్యామ్ అని పిలిచారు. పాత రైతులకు ఆ మాట గుర్తుండవచ్చు.

మన ఎర్రనేల ఎరుపు ఇనుము వల్ల వచ్చింది. ఆ ఇనుము భాస్వరాన్ని పట్టుకుని ఓ పట్టాన వదలదు. పైగా భాస్వరం మట్టిలో నత్రజనిలా నీటితో కదిలిపోయేది కాదు. వేరు తన చుట్టూ ఒకటి రెండు మిల్లీమీటర్ల మేర ఉన్నది తీసుకుందంటే, ఆ తర్వాత పక్కనే ఉన్నా అందదు. విందులో విస్తరి ముందు కూర్చున్నా చేయి కట్టేసినట్టు. వేరుకంటే ఎన్నో రెట్లు సన్నని శిలీంధ్రపు పోగులు అక్కడి నుంచి కొన్ని సెంటీమీటర్ల దూరం పోయి, వేరు దూరలేని సందుల్లో దూరి, భాస్వరం, జింకు తెచ్చి మొక్కకు ఇస్తాయి. బదులుగా మొక్క ఆకుల్లో తయారుచేసుకున్న చక్కెరలో, కొవ్వులో కొంత వాటా ఇస్తుంది. మనూళ్లో కోరుకు చేసినట్టే. ఈ పొత్తు నిన్నటిది కాదు. స్కాట్లాండులో దొరికిన సుమారు 40 కోట్ల ఏళ్ల నాటి శిలాజాల్లో, ఇంకా సరైన వేళ్లు కూడా లేని మొక్కల కాండాల్లో, ఈ శిలీంధ్రాల ఆనవాళ్లు ఉన్నాయి.

భాస్వరం సంగతి వ్యవసాయం చదివినవాళ్లు నాకంటే బాగా చెబుతారు. ఇంజినీరుగా నన్ను కట్టిపడేసింది ఇంకొకటి. ఈ పోగులు మట్టి రేణువుల్ని అల్లుకుని చిన్న చిన్న గుళికలుగా కట్టిపడేస్తాయి. గుళికల మధ్య సందులుంటాయి. వాన నీళ్లు ఆ సందుల్లోంచి కిందికి దిగుతాయి, గాలి ఆడుతుంది. గుళిక లేని మట్టి మీద వాన చినుకు పడితే రేణువులు విడిపోయి, సందులు మూసుకుపోయి, సిమెంటు పూసినట్టు పెచ్చు కడుతుంది. 1996లో అమెరికా వ్యవసాయ శాఖలో శారా రైట్ అనే శాస్త్రవేత్త ఈ మట్టిలోంచి గ్లోమలిన్ అనే జిగురు పదార్థాన్ని వేరుచేసి చూపారు. అది మొత్తం ఈ శిలీంధ్రం ఇచ్చినదేనా అన్న వాదన ఇంకా నడుస్తోంది. పోగులు మట్టిని కట్టి ఉంచుతాయన్న దానిలో మాత్రం వాదన లేదు. వెలిగొండ నీళ్ల కోసం మనం ఏళ్ల తరబడి ఎదురుచూస్తున్నాం, రావాలి, వస్తాయి. కానీ ఇంకించుకునే నేల లేకపోతే వచ్చిన నీళ్లు కూడా నా చెక్క మీది వాన మాదిరే పోతాయి.

జేసీబీ చేసిన పని ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది. ఈ శిలీంధ్రం ఎక్కువగా ఉండేది వేళ్లు ఎక్కువగా ఉండే ఆ పై జానెడులోనే. దాన్ని నేను కిందికి నెట్టేశాను. పైన మిగిలిన గరుసులో దాని విత్తనం లాంటి సిద్ధబీజాలు లేనట్టే. ఉన్న కాస్తా బతకాలంటే దానికి పచ్చి వేరు కావాలి. సజీవమైన వేరు లేకుండా ఇది బతికి పెరగలేదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతులకు ఒక వింత అనుభవం ఉంది. తేమ నిలుస్తుందని నేలను ఏడాదికి పైగా ఖాళీగా ఉంచి, తర్వాత విత్తితే, పైరు బాగా రావాల్సింది పోయి గిడసబారేది. వెతికితే, వేరు లేక ఈ శిలీంధ్రం క్షీణించడమే కారణమని 1980ల్లో తేలింది. మన దగ్గర కంది కోసిన తర్వాత మళ్లీ వానల దాకా చేలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. దాని మీద దుక్కులు, దాని మీద డీఏపీ. డీఏపీలో భాస్వరం, ఆక్సైడు (P2O5) లెక్కలో, నూటికి 46 పాళ్లు. భాస్వరం దండిగా దొరికితే మొక్క ఈ పొత్తుదారుణ్ని దగ్గరికి రానివ్వదు. ఇంట్లో జీతగాడికి పని లేనప్పుడు కూడు ఎందుకు పెడుతుంది? ఎరువు వేయొద్దని నేను చెప్పడం లేదు. మట్టి పరీక్ష చేయించకుండా అలవాటుగా వేసే బస్తా గురించి చెబుతున్నాను.

ఇదంతా కొంత చదివాక 2014లో ఒక దుకాణంలో మైకోరైజా పొడి ప్యాకెట్లు కొని, జొన్న విత్తనానికి పట్టించి, ఎప్పటిలాగే డీఏపీ కూడా వేసి విత్తించాను. ఏమీ కాలేదు. మా నాయన ఆ ప్యాకెట్టు తిప్పి చూసి, "ఇందులో పేణం ఉందా?" అని అడిగాడు. ఆ ప్రశ్న కూడా సరైనదే. ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో మైకోరైజాకు ప్రమాణాలున్నాయి, మంచివి చేసేవాళ్లూ ఉన్నారు. కానీ ఇది ప్రాణమున్న సరుకు. ఎండలో షట్టరు పక్కన ఏడాది పడున్న ప్యాకెట్టులో ఏముంటుంది? విదేశాల్లో కూడా మార్కెట్లో అమ్మే ఈ పొడులు కొని పరీక్షిస్తే చాలావాటితో వేళ్లకు శిలీంధ్రం పట్టనే లేదని తేలింది. అయినా తప్పంతా ప్యాకెట్టుది కాదు. పక్కనే డీఏపీ వేసింది నేనే.

ఆ మరుసటి ఏడు నాగపూర్ వైపు వెళ్లినప్పుడు, పని కల్పించుకుని గుమ్‌గావ్ వెళ్లాను. అక్కడ మాంగనీసు గని ఉంది. గని తవ్వి పోసిన రాతి గుట్టల మీద, నాగపూర్‌లోని నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ వాళ్లు 1980ల చివర్లో అడవి పెంచే పని మొదలుపెట్టారు. గని మట్టిలో సారం లేదు, నీళ్లు నిలవవు, లోహాలు ఎక్కువ. వాళ్లు మొక్కల గుంటల్లో చక్కెర మిల్లుల నుంచి వచ్చే మడ్డి వేశారు. దానితో పాటు వేరు శిలీంధ్రాన్ని, నత్రజనిని పట్టే సూక్ష్మజీవుల్ని కలిపి పెట్టారు. నేను చూసేసరికి టేకులు, వేపలు చెట్లయి ఉన్నాయి. గుట్ట అని చెబితే తప్ప తెలియదు. నేను గనుల మనిషిని. అంతకుముందు ఈ పని గురించి రిపోర్టుల్లో చదివే ఉన్నాను. నిలబడి చూశాక బుర్రకెక్కింది ఏమిటంటే, వాళ్లు శిలీంధ్రాన్ని ఒక్కదాన్నే పంపలేదు. ముందు దానికి తిండి, చెమ్మ, తోడు ఏర్పాటు చేశారు. నేను ప్యాకెట్టు చల్లి ఊరుకున్నాను.

తిరిగొచ్చి మా నాయనతో చెప్పాను. ఆయన నన్ను వేపచెట్టు గట్టు దగ్గరికి తీసుకెళ్లి, గరిక కింద మట్టి పిడికెడు తీసి నలిపి చూపించాడు. నల్లగా, గుళ్లగుళ్లగా ఉంది. "ఇది జేసీబీకి అందలా" అన్నాడు.

విత్తనం అక్కడే ఉంది. 2016 వేసవి చివర్లో ఇంటి దగ్గర రెండు గుంటలు తవ్వించాం. మీటరు వెడల్పు, రెండు మీటర్ల పొడవు, అడుగు లోతు. అడుగున పాలిథీన్ పరిచి, ఇసుక కలిపిన మట్టి నింపాం. అందులో గట్టు మీది గరిక, వెంపలి మొదళ్ల దగ్గర మట్టిని సన్నవేళ్లతో సహా తెచ్చి కలిపి, జొన్న విత్తాం. భాస్వరం వేయలేదు. మూడు నెలలకు నీళ్లు ఆపి, పైరు కోసి, పది రోజులు ఆరనిచ్చి, వేళ్లు ముక్కలుగా నరికి అదే మట్టిలో కలిపేశాం. అదే మా మందు. ఇందులో ఒక ప్రమాదం ఉంది, చెప్పాలి. గట్టు మట్టితో మంచితో పాటు చెడు కూడా రావచ్చు, ముఖ్యంగా వేళ్లకు బుడిపెలు తెచ్చే నులిపురుగులు. అందుకని కూరగాయల తోటల మట్టి తేకూడదు. గుంటలో జొన్న వేళ్లు పీకి చూసి, శుభ్రంగా ఉంటేనే వాడాలి.

మొదటి ఏడు అర ఎకరమే చేశాం. వేసవిలో గొర్రెల మంద కట్టించాం. చెరువు మట్టి పది ట్రాక్టర్లు తోలాం. వాలుకి అడ్డంగా మూడు గట్లు, నేను తీసేయించినవే, మళ్లీ వేయించాను. ఈసారి లెవల్ మా నాయన కళ్లతో. గొర్రు వెనక సాలులో విత్తనం కింద పడేలా ఆ మట్టి వేసి జొన్న, కంది, అలసంద కలిపి విత్తాం. డీఏపీ మానేశాం. ఏడెనిమిది సాళ్లు మాత్రం ఆ మట్టి వేయకుండా వదిలాం, పోల్చి చూడ్డానికి. నలభై రోజులకు తేడా రోడ్డు మీది నుంచి కనబడింది. మట్టి వేసిన సాళ్లు నడుమెత్తు, వేయనివి మోకాలి దగ్గరే. ఒక మూల మాత్రం రెండూ ఒకేలా గిడసబారాయి. అక్కడ రాయి మరీ పైకుంది. ఏ బూజూ దానికి మందు కాదు.

కంది ఎందుకంటే, అది మన నేలకు దొరికిన వరం. పటాన్‌చెరు ఇక్రిశాట్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించారు: కంది వేళ్లు ఊరించే ఆమ్లాలు ఎర్రనేలలో ఇనుము పట్టుకున్న భాస్వరాన్ని విడిపిస్తాయి, తర్వాత వచ్చే పైరుకూ అది మేలు. ఇది శిలీంధ్రం పని కాదు, వేరు సొంత పని. రెండూ కలిస్తే ఇంకేం కావాలి? జొన్నలో కంది సాళ్లు వేసిన మా తాతకు ఈ వివరం తెలియదు, తెలియకపోయినా వేశాడు. ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ లాంటివి ఈ శిలీంధ్రంతో పొత్తు పెట్టుకోవు, కాబట్టి బాగుచేసే మొదటి ఏళ్లలో అవి వద్దు.

ఇంకో మాట. కందిలో ఎండు తెగులుకు మీరు ట్రైకోడెర్మా విరిడి వాడే ఉంటారు. అదీ శిలీంధ్రమే కానీ స్వభావం వేరు. దానికి పచ్చి వేరుతో పనిలేదు, కుళ్లే పదార్థం చాలు. అందుకే 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండిలో రెండు కిలోలు కలిపి నీడన తడిపి ఉంచితే వారం పది రోజుల్లో పెరుగుతుంది. మైకోరైజాను పెంటలో పెంచుతామని ఎవరైనా చెబితే నమ్మకండి.

2018 నాటికి రెండెకరాలూ ఈ దారిలోకి తెచ్చాం. ఆ రోజుల్లోనే మన రాష్ట్రంలో రైతు సాధికార సంస్థ వాళ్ల ప్రకృతి వ్యవసాయం ఊపందుకుంది. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి ఆ కార్యక్రమానికి కూడా వచ్చింది. వాళ్ల పద్ధతుల్లో నాకు అన్నిటికంటే నచ్చింది వానలకు ముందే ఎండలో విత్తడం. ఇరవై ముప్పై రకాల విత్తనాలకు మట్టి, ఘనజీవామృతం పూత పూసి పొడి నేలలో చల్లి, పైన ఆకులో, గడ్డో కప్పుతారు. చిన్న జల్లుకే మొలుస్తాయి. జీవామృతం గురించి వాళ్లు చెప్పేవన్నీ నేను ఒప్పుకోను. శిలీంధ్రం లెక్కలో చూస్తే అసలు లాభం ఏడాదిలో ఎక్కువ రోజులు నేలలో పచ్చి వేరు ఉండటమేనని నా అభిప్రాయం. మా చెక్కలో ఏటా చేస్తున్నాం. రెండేళ్లు వాన మోసం చేసి విత్తనం పోయింది, అదీ చెప్పాలి.

నేను ఇంజినీరును కాబట్టి కొలవకుండా ఉండలేను. పాత ఇనుప డ్రమ్మును అడుగు ఎత్తున కోయించి, నాలుగు వేళ్ల లోతు నేలలో దిగ్గొట్టి, బిందెడు నీళ్లు పోసి గడియారం చూసేవాణ్ని. 2016లో చెక్క మీద ఆ నీళ్లు ఇంకడానికి ముప్పావు గంట పైనే పట్టింది. గట్టు దగ్గర పది నిమిషాల లోపే. పోయిన ఏడు చెక్కలో ఇరవై నిమిషాలు. గట్టుకు ఇంకా దూరమే. 2019లో మా నాయన పోయేనాటికి అరగంట దగ్గర ఉంది. ఆసుపత్రికి వెళ్లే ముందు వానకి ఆయన్ని కుర్చీలో చేను దాకా తీసుకెళ్లాం. కిందికి పోయే నీళ్లు చూసి, "ఎరుపు తగ్గింది" అన్నాడు. అంతకంటే ఏమీ అనలేదు, నేనూ అడగలేదు.

మన ప్రాంతంలో నా చెక్క లాంటివి చాలా ఉన్నాయి. రోడ్లకు, లేఔట్లకు గరుసు తవ్విన గుంటలు ఉన్నాయి. మార్కాపురం చుట్టూ పలకల గనుల రాతి ముక్కల గుట్టలు ఉన్నాయి. మనందరం ఆ పలకల మీదే ఓనమాలు దిద్దాం. గుమ్‌గావ్‌లో జరిగింది అక్కడ జరగకూడదని లేదు. కానీ పెంట కావాలి, చెరువు మట్టి కావాలి, ఏళ్లు కావాలి, మేకల్ని ఆపేవాళ్లు కావాలి. ఈ శిలీంధ్రం లేని భాస్వరాన్ని పుట్టించలేదు, మన నీళ్లలో ఫ్లోరైడు తీసేయలేదు. అలా చెప్పి అమ్మేవాళ్లు కూడా రేపు మన ఊరికి వస్తారు, జాగ్రత్త.

సైన్సు ఉపాధ్యాయులకు ఒక విన్నపం. మనం చదివినప్పుడు ఈ పాఠం లేదు. ఇప్పుడు మీ ప్రయోగశాలలో మైక్రోస్కోపు ఉంటే చాలు. జొన్న సన్నవేళ్లను పొటాషియం హైడ్రాక్సైడు ద్రావణంలో వేడిచేసి, కడిగి, వెనిగర్‌లో కొద్దిగా పెన్ను సిరా కలిపి అందులో కాసేపు మరిగించి, మళ్లీ కడిగితే, వేరు లోపల శిలీంధ్రం సిరా రంగులో కనబడుతుంది. ఇది 1998లో శాస్త్రవేత్తలు ప్రచురించిన పద్ధతే. ఆ క్షారం మాత్రం మీరే పట్టుకోండి, పిల్లలకు ఇవ్వొద్దు. మైక్రోస్కోపు లేకపోతే ఎండిన మట్టిగడ్డలు రెండు, ఒకటి గట్టు నుంచి, ఒకటి ఆటస్థలం నుంచి, రెండు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదలండి. ఏది నిలబడుతుందో, ఏది కరిగిపోతుందో పిల్లలే చెబుతారు.

బడి వెనక గోడ వెంట ఏటా మొక్కలు నాటుతున్నామని, వేసవికి ఎండిపోతున్నాయని ప్రధానోపాధ్యాయులు పొద్దున చెప్పారు. అక్కడ గుంటలు తవ్వితే వచ్చేది గరుసే, చూశాను. ఈసారి పన్నెండు గుంటలు తవ్వించడానికి ఆయన ఒప్పుకున్నారు. మాగిన పెంట ఇద్దరు మిత్రులు తోలిస్తామన్నారు. మా వేపచెట్టు గట్టు మట్టి, గుంటలో పెంచినది, నాలుగు గోతాల్లో తెచ్చాను. కారు డిక్కీలో ఉంది. భోజనాలయ్యాక ఎవరికి వీలైతే వాళ్లు అటు రండి. గడ్డపారలు రెండే ఉన్నాయి, ఇళ్లు దగ్గర ఉన్నవాళ్లు ఇంకో రెండు పట్టుకొస్తే మంచిది.